చెల్లని డ్యూటీ

"నీకు టైమ్ మేనేజ్‌మెంట్ తెలీదోయ్, అదీ నీ సమస్య" అన్నాడు భర్త. రెండో సాక్సు కనబడడం లేదని ఆమెను వెతకమని, ఆమె వెతుకుతున్నంతసేపూ తను మంచం మీద కూర్చుని అన్న మాట అది.

మంచం కింద నుంచి సాక్సు తీసి చేతికిచ్చింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే ఎందుకు నవ్వావంటాడు, చెప్పడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ నాలుగు నిమిషాల్లో పాప జడ అయిపోతుంది. ఆమె బస్సు డిపోలో షెడ్యూలరు. నూట పన్నెండు బస్సులు, రెండువందల అరవై మంది డ్రైవర్లు రేపు ఎన్నింటికి బండెక్కాలో, ఎక్కడ దిగాలో, దిగేటప్పుడు బండిని ఎవరికి అప్పజెప్పాలో ఈ రోజే కాగితం మీద పెట్టేది ఆమే. ఆరేళ్ళలో ఆమె చార్టు పుణ్యమా అని ఒక్క బస్సు కూడా డ్రైవరు లేక నిలబడిపోలేదు. అలాంటి మనిషికి టైమ్ మేనేజ్‌మెంట్ తెలీదని, తన సాక్సు ఎక్కడుందో తనకు తెలియని పెద్దమనిషి చెబుతున్నాడు. సరే, పొద్దున్నే గొడవ ఎవరు పెట్టుకుంటారు.

అత్తగారి ధోరణి వేరు. "మా కాలంలో రోజు పెద్దదమ్మా" అంటుంది. "మిషన్లు లేవు, గ్యాసు లేదు, అయినా పొద్దు వాలేసరికి పనంతా తేలిపోయేది. మీకే ఎందుకో ఇరవై నాలుగ్గంటలూ చాలవు." కోపంగా అనదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెబుతుంది. అందుకే ఎదురు చెప్పడం కష్టం. ఆలోచిస్తే ఆ ఇంట్లో ఆస్తి గురించి గానీ బంగారం గురించి గానీ ఎవరూ ఎప్పుడూ మాటా మాటా అనుకోలేదు. అన్ని గొడవలూ గడియారం గురించే. ఎవరు ఆలస్యంగా లేచారు, ఎవరికి భోజనం ఆలస్యమైంది, ఎవరి కోసం ఎవరు ఎంతసేపు కూర్చున్నారు. ఆఫీసు నుంచి వచ్చి అతను సోఫాలో అరగంట కూర్చుంటే అది అలసట. అదే సోఫాలో ఆమె అరగంట కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా" అని ఒక గుండీ ఊడిన చొక్కా ఒళ్ళో పడుతుంది. అరగంట ఒకటే, దాని పేరు మాత్రం కూర్చున్న మనిషిని బట్టి మారుతుంది.

ఆ సోమవారం డిపో మేనేజరు పిలిచి ఒక మాట చెప్పాడు. నగరం మొత్తానికి షెడ్యూళ్ళు వేసే పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి ఆమె పేరు అనుకుంటున్నారు. కాకపోతే మూడు నెలల శిక్షణ ఉంది, రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. "శుక్రవారం లోపు చెప్పండి. మీకు కుదరదంటే అవతలి డిపో అతన్ని పంపిస్తాం."

ఆమెకు ఆ కుర్చీ కావాలి. మొహమాటం లేకుండా చెప్పాలంటే, పెళ్ళయిన ఈ పదమూడేళ్ళలో ఆమె దేన్నీ అంతగా కోరుకోలేదు. నగరం మ్యాపు గోడంతా పరిచి ఉన్న ఆ గదిలో, పదకొండు డిపోల బస్సులు తన పెన్సిలు గీత వెంట కదలడం తలుచుకుంటేనే ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి చెప్పింది. "మంచిదేగా, వెళ్ళు. నేనెప్పుడైనా వద్దన్నానా? ఇంటి సంగతి చూసుకుని వెళ్ళు, అంతే" అన్నాడు భర్త ఎంతో ఉదారంగా. "ఆరింటికా? అసలు పనంతా మొదలయ్యేదే ఆరింటికి కదమ్మా" అంది అత్తగారు. ఇద్దరూ వద్దనలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. వెళ్ళమని చెప్పి తలుపుకి అడ్డంగా ఇల్లు మొత్తాన్ని నిలబెడితే ఎవరితో పోట్లాడాలి?

బుధవారం డిపోలో భోజనాల వేళ ఆమె ఒక ఖాళీ డ్యూటీ చార్టు ముందేసుకుని కూర్చుంది. ఎంత చిక్కుపడ్డ రూటులోనైనా ఎక్కడో ఓ పావుగంట దాక్కుని ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే ఆమె వృత్తి. తన రోజులో రెండు గంటలు దొరకవా? అలవాటు కొద్దీ చార్టు భాషలోనే రాసింది. సైన్ ఆన్, అంటే డ్యూటీ ఎక్కడం, ఉదయం ఐదు. స్టాపులకు డిపోలో పొడి అక్షరాలే వాడతారు కాబట్టి వంటగదికి వ.గ., భోజనాల బల్లకి భో.బ., బట్టలుతికే చోటుకి బ.చో. అని వేసింది. మధ్యలో తొమ్మిది నుంచి ఐదు దాకా డిపో. మళ్ళీ ఐదున్నరకి వ.గ. నుంచి బయలుదేరి, పాప చదువు పా.చ. మీదుగా, అత్తగారి మోకాళ్ళ నూనె మో.నూ. మీదుగా, రాత్రి పదిన్నరకి సైన్ ఆఫ్. డ్రైవరు నంబరు దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, ఉన్నవాళ్ళు రెండువందల అరవై మంది కదా అని, రెండువందల అరవై ఒకటి అని రాసింది. విశ్రాంతి గడి దగ్గర పెన్ను ఆగింది. మధ్యాహ్నం అరగంట రాద్దామంటే ఆ అరగంటలోనే ఫోనులో కూరగాయలు తెప్పించే పని ఉంది. ఖాళీగా వదిలేసింది. రెండు గంటలు దొరకలేదు. గంట కొట్టారు. ఆరేళ్ళ అలవాటున్న చెయ్యి కాగితం కింద సంతకం పెట్టి, మర్నాటి చార్టుల కట్ట మీద పెట్టేసింది. కట్ట తనిఖీకి వెళ్ళిపోయింది. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

తనిఖీ అధికారిని డిపోలో అందరూ ఎర్ర పెన్ను అంటారు, ఎదురుగా కాదు లెండి. ముప్పై ఏళ్ళు స్టీరింగ్ పట్టి, మోకాళ్ళు మొరాయించాక తనిఖీ కుర్చీలోకి వచ్చాడు. నిబంధనలు ఆయనకు కంఠతా. ఎనిమిది గంటలకు మించి స్టీరింగ్ కూడదు, మధ్యలో అరగంట విశ్రాంతి ఉండాలి, డ్యూటీకీ డ్యూటీకీ నడుమ తొమ్మిది గంటల ఎడం ఉండాలి, వారానికో సెలవు ఉండాలి. ఇవి ఎవరో దయతలిచి ఇచ్చినవి కావు, ఒకప్పుడు డ్రైవర్లందరూ బళ్ళు ఆపేసి రోడ్డు మీద కూర్చుంటే వచ్చాయి. ఆ కూర్చున్నవాళ్ళలో తనూ ఒకణ్ణని ఏడాదికోసారైనా గుర్తుచేస్తాడు. ఇన్నేళ్ళలో ఆమె చార్టు మీద ఆయన పెన్ను ఒక్కసారి కూడా పడలేదు.

గురువారం పదకొండింటికి పిలిపించాడు. బల్ల మీద ఉన్నది నిన్న ఆమె తన రోజు రాసుకున్న కాగితం. నిండా ఎర్ర గీతలే.

"ఈ డ్యూటీ మీరే వేశారా అమ్మా?"

"నేనే సార్, కానీ అది..."

"ఆగండి. పొద్దున ఐదింటికి సైన్ ఆన్, రాత్రి పదిన్నరకి సైన్ ఆఫ్. పదిహేడున్నర గంటలు. మర్నాడు ఐదింటికి మళ్ళీ బండెక్కాలి. నిద్రకి మిగిలింది ఆరున్నర. విశ్రాంతి గడి ఖాళీ, బండి అందుకునే రిలీఫ్ మనిషి గడి ఖాళీ, సెలవు గడి ఖాళీ. ఈ స్టాపులేవో నాకు తెలియడం లేదు. ఈ రెండువందల అరవై ఒకటో నంబరు మనిషి రిజిస్టర్లో లేడు. ఎన్నాళ్ళ నుంచి నడుస్తోంది ఇది?"

"పదమూడేళ్ళు సార్."

"ఒక్కరే నడుపుతున్నారా?"

"ఒక్కరే."

"యాక్సిడెంట్లేవీ కాలేదా?"

ఇంక దాచి లాభం లేదనుకుంది. "చిన్నచిన్నవే సార్. పాలు పొంగాయి."

ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. వ.గ. మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి భో.బ. మీదికీ, బ.చో. మీదికీ జరిపాడు. ఆమె సంజాయిషీ వెతుక్కుంటూ నిలబడింది. చివరికి ఆయనే మెల్లగా అన్నాడు. "మా ఇంట్లోనూ ఈ రూటు ఉందమ్మా. నలభై ఏళ్ళుగా నడుస్తోంది. నేనెప్పుడూ తనిఖీ చెయ్యలేదు."

తర్వాత పెన్ను మూత తీసి, చార్టు అడుగున గుండ్రటి అక్షరాలతో రాశాడు: ఈ డ్యూటీ చెల్లదు. రిలీఫ్ మనిషిని చూపిస్తేనే మంజూరు. కింద సంతకం, తేదీ, పక్కన స్టాంపు. "రూల్ రూలే" అని కాగితం చేతిలో పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. పక్కసీటావిడ ఓసారి చూసింది, రెండోసారి తనూ నవ్వింది. పదమూడేళ్ళుగా తన ఒంట్లోనే ఏదో లోపముందని అనుకుంది. చురుకు చాలదనీ, ఓపిక చాలదనీ. ఇవాళ స్టాంపు వేసి మరీ చెప్పారు, లోపం డ్రైవరుది కాదు, చార్టుది. ఇంత హాయైన మాట ఈ మధ్య ఎవరూ చెప్పలేదు.

ఏడింటికి భర్త భోజనాల బల్ల దగ్గర ఫోను చూసుకుంటున్నాడు. అత్తగారు పక్కనే బఠాణీలు వలుస్తోంది. ఆమె కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. "మా డిపోలో ఒక చార్టు తిరిగొచ్చిందండీ. ఏం తప్పుందో చూస్తారా?"

సలహా అడిగితే అతనికి సరదా. ఫోను పక్కన పెట్టి, కింద సంతకం చూడకుండానే అంకెలన్నీ చదివాడు. "ఎవడు వేశాడోయ్ ఇది? పదిహేడున్నర గంటలా? వీడికి మతి గానీ పోయిందా? డ్రైవరు మనిషా, ఇంకేమన్నానా? ఇలా నడిపితే ఎక్కడో చోట గుద్దేస్తాడు. వాళ్ళకు యూనియన్ లేదా? నేనైతే ఈ చార్టు వేసినవాణ్ణి ముందు ఉద్యోగంలోంచి పీకేసేవాణ్ణి."

"ఆ వ.గ. ఏ ఊరమ్మాయ్?" అని అడిగింది అత్తగారు, మెడ సాచి చూస్తూ.

"వంటగది అత్తయ్యా."

బఠాణీలు వలిచే చేతులు ఆగాయి. భర్త కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివాడు, ఈసారి పెదవులు కదుపుతూ. చెవులు ఎర్రబడ్డాయి. చెడ్డవాడు కాదు పాపం, ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద పెట్టి చూపించలేదు. "అది కాదోయ్" అన్నాడు కాగితం పక్కకు జరిపి, "నువ్వు అడగాలి కదా? అడిగితే చెయ్యనన్నానా?"

"మా డిపోలో రిలీఫ్ కోసం ఏ డ్రైవరూ అడగడండీ. ఎవరొస్తారో చార్టులో ముందే రాసుంటుంది."

ఆమె గొంతు పెంచలేదు, అతనికి అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

"మా కాలంలో..." అని మొదలుపెట్టింది అత్తగారు. ఇద్దరూ నిట్టూర్చడానికి సిద్ధమయ్యారు. ఆవిడ మాట మార్చి, "నాదీ ఒకటి రాయమ్మాయ్. నీ వయసులో నాది" అంది.

ఆమె కొత్త కాగితం తీసింది. ఆవిడ చెబుతూ పోయింది, నీళ్ళు తోడడం, పొయ్యి రాజెయ్యడం, నలుగురు మరుదుల క్యారేజీలు, చంటిపిల్లాడి ఉయ్యాల, ఆడపడుచు పరీక్షలకి తెల్లారగట్ల లేపడం. ఒక్కో పనికీ ఎంతసేపో తడుముకోకుండా చెప్పింది, నిన్నటి మాటలా. ఆమె కూడి చూసింది. మళ్ళీ కూడింది. "అత్తయ్యా, ఇరవై ఆరు గంటలొస్తోంది."

"నేను అబద్ధం చెప్పానంటావా?"

"కాదు. మీరు రెండేసి పనులు ఒకేసారి చేశారు."

అత్తగారు కళ్ళు పెద్దవి చేసి కాగితంకేసి చూసింది. "అయితే రోజు పెద్దదని నాకు ఊరికే అనిపించలేదన్నమాట" అంది. ముందు కోడలికి నవ్వొచ్చింది, తర్వాత ఆవిడకి. ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు మొదలుపెట్టారు. బఠాణీల గిన్నె ఒరిగిపోయి, గింజలు నేలంతా దొర్లాయి. ఎవరూ చెప్పకుండానే భర్త వంగి ఏరడం మొదలుపెట్టాడు. బల్ల కింద నుంచే అడిగాడు, "ఆ చార్టులో ఆరు నుంచి ఎనిమిది దాకా ఏమేముంటాయోయ్?"

ఆ సాయంత్రమే ఇంటికి కొత్త చార్టు వేసింది, ముగ్గురి పేర్లతో. ఆరు నుంచి ఎనిమిది దాకా అతనిది, వంటతో పాటు పాప చదువూ. శుక్రవారం పొద్దున మేనేజరుకి ఒప్పుకుంటున్నానని రాసిచ్చింది.

సోమవారం ఐదూ ముప్పావుకి కొత్త నోటుబుక్కు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. లోపల భర్త ఉల్లిపాయ తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు, పాప పక్కన కూర్చుని లెక్క చెప్పమని ప్రాణం తీస్తోంది. వెనకాల అడుగుల చప్పుడైంది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది.

"నువ్వెక్కడికమ్మా?" అని లోపల్నుంచి కాస్త కంగారుగా అడిగాడు కొడుకు.

"ఆరు నుంచి ఎనిమిది దాకా నా గడిలో ఏమీ రాయలేదురా. కావాలంటే చూసుకో" అంది ఆవిడ.

ఇద్దరూ మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె బస్టాపు కుడివైపు. అత్తగారు కుడివైపూ చూసింది, ఎడమవైపూ చూసింది.

"ఎక్కడికి వెళ్తారత్తయ్యా?"

"ఏమోనమ్మా" అంది అరవై ఆరేళ్ళ ఆ మనిషి, మొహమంతా వెలిగిపోతూ. "ఇదివరకెప్పుడూ ఎవరూ అడగలేదు."