గొర్రెలు లేకుండా

…కాళ్లు మాత్రం ఇంకా ఆగలేదు, అదే వింత. సైకిల్ దిగి నెల దాటింది. అయినా నులక మంచం మీద వెల్లకిలా పడుకుంటే చాలు, పిక్కల్లో ఏదో తిరుగుతూనే ఉంటుంది. కోస్గి దాటాక వచ్చే ఎర్రమట్టి, మన్ననూరు దగ్గర అడవి గేటు, శ్రీశైలం ఘాట్‌లో సైకిల్ దిగి నెట్టుకుంటూ ఎక్కిన మలుపులు, మార్కాపురం ఎండ, అన్నీ మళ్లీ వెళ్తుంటాయి. కళ్ల ముందు నుంచి కాదు, తొడల కింద నుంచి. మనిషి చేరాడు. ఆ సంగతి కాళ్లకు ఎవరు చెప్పాలి, అనుకున్నాడు చెన్నయ్య.

తెల్లవారింది. తాటితోపు అవతల సముద్రం చప్పుడు చేస్తోంది. మొదటి రోజున ఆ చప్పుడు విని అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. కోత కోసిన మళ్ల మీదుగా వెళ్లే గొర్రెల మంద డెక్కల చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. అయితే మంద దాటిపోతుంది, వెనక నిశ్శబ్దం మిగులుతుంది. ఇది దాటిపోదు. ఎంత పెద్ద మందో, ఎవడు తోలుతున్నాడో, తోక మాత్రం రాదు.

నలభై ఆరేళ్లలో అతను గోడల మధ్య పడుకున్న రాత్రులు తక్కువ. ఊరు కోస్గి దగ్గరే అయినా ఊరికి చుట్టంలాగే వచ్చేవాడు. అక్కడ వానకాలం తర్వాత గడ్డి ఎండగానే, తమ్ముడు పరమేష్‌తో కలిసి మందను తోలుకుని నల్లమల దాటి, కోతలైన మాగాణుల వెంట ఈ సముద్రపు ఒడ్డు దాకా నడిచేవాడు. రైతులు పిలిస్తే వాళ్ల చేలో రాత్రిపూట మందను పడుకోబెట్టడం, వాటి పెంటికలతో చేనుకు ఎరువైనాక కదలడం. గొర్రెల వెంట తిరిగేవాడికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. అతనికీ ఆ వెలితి పెద్దగా తెలియలేదు. తెలిసే తీరిక ఉండేది కాదు.

నిర్మలమ్మది ఈ ఇసుక నేల. భర్త పోయాక ఒక్కతే నారుమళ్లు పెంచి చుట్టుపక్కల ఊళ్లకు వంగ నారు, మిరప నారు అమ్ముతుంది. ఏటా ఆమె చేలో మంద ఆగేది. పోయిన వేసవిలో చెన్నయ్యకు జ్వరం వస్తే, పరమేష్ మందతో ముందుకు వెళ్లాడు, ఇతను ఆమె వసారాలో పడి ఉన్నాడు. ఆమె గంజి కాచి పోసింది. తగ్గాక బయలుదేరుతుంటే కంచె దగ్గర నిలబడి, ఎటో చూస్తూ, “ఈసారి వచ్చేటప్పుడు గొర్రెలు లేకుండా రా” అంది.

ఆ మాటతో అతను వాటిని తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు. బస్సెక్కితే వాంతులు, అందుకని సైకిల్. పైగా ఆ దారిలో ఏ చింత కింద నీడ ఎప్పుడు తిరుగుతుందో అతనికి తెలుసు. వచ్చిన మర్నాడు గుడిలో దండలు మార్చుకున్నారు. అంతవరకు అంతా సులువుగానే జరిగింది. చేరడం ఎప్పుడూ సులువే. చేరిన తర్వాత ఏం చేస్తారో అతనికి ఎవరూ నేర్పలేదు.

“ఏమ్మా నిర్మలా,” కంచె అవతలి నుంచి పొరుగింటి పుష్పమ్మ గొంతు వినిపించింది. “మీ ఆయన మంచం మా కంచె దాకా వచ్చిందే. రేపు మా ఇంటికి చుట్టం చూపుగా వచ్చుద్దా ఏంది?”

“వస్తే చేపల పులుసు పెట్టి పంపు పిన్నీ,” అంది నిర్మలమ్మ వాకిలి ఊడుస్తూ. “కారం తగ్గించి మాత్రం కాదు. పాలమూరు నాలుక, మన కారం చాలదంట.”

పుష్పమ్మ నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. నిర్మలమ్మ నవ్వలేదు. చీపురు గోడకు ఆనించి, అతని దగ్గరికి వచ్చింది.

“లేవయ్యా. ఇటు రా ఒకసారి.”

“టీ తాగినంక వస్త.”

“టీ ఎక్కడికీ పోదు. రా.”

ఆమె అతన్ని ఇంటి గోడ దాకా నడిపించింది. వసారా చూరు కింద, ఇసుకలో నాలుగు గుంటలు. మంచం కోళ్లు దిగిన గుర్తులు. ఒక్కో గుంటలో ఒక ఆల్చిప్ప ముక్క పెట్టి ఉంది.

“ఇది నువ్వొచ్చిన మొదటి రోజు,” అంది. నాలుగడుగులు వేసి మునగచెట్టు దగ్గర ఆగింది. మళ్లీ నాలుగు గుంటలు, నాలుగు ఆల్చిప్పలు. “ఇక్కడ రెండు రాత్రులు. తర్వాత బట్టలుతికే బండ పక్కన. అదిగో. తర్వాత ఆ సరుగుడు కంచె మూల. వాన పడితే చెరిగిపోతాయని చిప్పలు పెట్టుకున్నా.”

చెన్నయ్య వరసగా చూశాడు. తెల్లటి చిప్పలు ఇంటి గోడ దగ్గర మొదలై, వాకిలి మీదుగా ఏటవాలుగా సాగి, ఇప్పుడు మంచం ఉన్నచోట ముగిశాయి. మంచానికీ వీధి గేటుకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఉంది.

“ఉక్కపోస్తున్నదని గాలికి జరిపిన,” అన్నాడు.

“సముద్రపు గాలయ్యా. అన్ని పక్కలా ఒకటే.” ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఇంకొక్కసారి జరిపావంటే రోడ్డెక్కుద్ది. లారీవోళ్లు హారన్ కొడతారు.”

అతను నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగాడు.

“పోతావా?” అంది. గొంతు మామూలుగానే ఉంది, బియ్యం నానబెట్టనా అని అడిగినట్టు. “పోతే చెప్పి పో. నేనేం కాళ్లు పట్టుకోను. పొద్దున్నే లేచి మంచం కోసం రోడ్డు మీద వెతుక్కునే పని మాత్రం పెట్టకు. నాకు ఇంట్లో ఒకసారి అయింది అట్లా, చెప్పకుండా పోవడం. పాపం, ఆయన చేతుల్లో లేదనుకో అది.”

జవాబు కోసం ఆగలేదు. టీ గ్లాసు అతని చేతికిచ్చి, బిందెలు తీసుకుని నారుమళ్ల వైపు వెళ్లిపోయింది.

గ్లాసు చల్లారేదాకా అతను గుర్తుల మధ్యే నిలబడ్డాడు. మొదట సిగ్గు వేసింది. తర్వాత సిగ్గు కంటే లోతుగా ఇంకేదో. మంచం జరిపింది తనే. ప్రతిసారీ ఒక కారణం ఉంది: ఒకరోజు చీమలు, ఒకరోజు మునగపూలు ముఖం మీద రాలడం, ఒకరోజు ఉక్క. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. కానీ కారణాలన్నీ కలిసి ఒకే దిక్కుకు నడిచాయి. మందను చేలో పెట్టేటప్పుడు అంతే. ఎప్పుడూ లోపలి మూలన మొదలుపెడతారు. రెండు రాత్రులు కాగానే పక్క జాగాకు జరుపుతారు. అట్లా జరుపుకుంటూ దారి వైపున్న గట్టు దగ్గర ముగిస్తారు, పొద్దున్నే కదలడానికి వీలుగా. ఆ పద్ధతి ఎప్పుడు నేర్చుకున్నాడో గుర్తు లేదు. మరిచిపోవడం ఎట్లాగో అసలే తెలియదు. తనలో తనకు తెలియకుండా ఒకడు కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. మంద లేకపోయేసరికి వాడు తననే తోలుతున్నాడు.

అంతకంటే భయపెట్టిన మాట ఇంకొకటుంది. మంద పడుకున్న నేలను గొర్రెలవాడు మళ్లీ చూడడు. అక్కడ పని అయిపోయింది, అంతే. అదేం నిర్దయ కాదు, చూపు ముందుకే ఉంటుంది. మరి మనుషుల విషయంలోనూ తన చూపు అటువంటిదేనా? ఈమెను కూడా ఏదో ఒక పొద్దున, పని అయిపోయిన నేలను చూసినట్టు చూస్తాడా? లేక ఇప్పటికే చూస్తున్నాడా? తమ్ముడు చిన్నప్పుడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టి, వాడు నిద్రపోగానే లేచి వెళ్లిన రోజులు చాలా ఉన్నాయి. అవ్వ పోయినప్పుడు తొమ్మిదో రోజునే కట్టె పట్టి మంద వెంట పోయాడు. ఎవరి దగ్గరా ఉండలేదు. ఉండలేడు కాబట్టా, ఉండి చూడలేదు కాబట్టా? ఈ రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా ఎక్కడ తేలుతుందో అతనికి అందలేదు.

మంచాన్ని తిరిగి లోపలికి లాగుదామా అనిపించింది. ఒక చెయ్యి వేశాడు కూడా. తర్వాత తీసేశాడు. ఆమె చెప్పిందని లాగితే అది కూడా తోలడమే అవుతుంది, తోలేవాడు మారతాడు, అంతే.

నారుమళ్ల వైపు నడిచాడు.

ఈ ఇసుకలో నీళ్లు చిత్రంగా ఉంటాయి. అతని ఊళ్లో బోరు వందల అడుగులు దిగి చివరికి దుమ్ము కక్కుతుంది. ఇక్కడ మనిషి లోతు తవ్వితే చాలు, సముద్రం కూతవేటులో ఉన్నా, తీపి నీళ్లు ఊరతాయి. దాన్ని దొరువు అంటారు. నిర్మలమ్మ మెట్లు దిగి, రెండు చేతుల్లో రెండు బిందెలు ఒకేసారి ముంచి, ఒకేసారి పైకి తెచ్చి, నడుస్తూనే నారు మీద చల్లుతోంది. ఒంటి చేత్తో ఒక బిందె తెస్తే నడుము ఒక పక్కకు పోతుందట. రెండయితే తూకం.

అతను గట్టు మీద నిలబడి చూశాడు. మళ్లన్నిటిలో వంగ నారు ఒకే వయసుది. కానీ ఆ చివరి మడి ఒక్కటి వేరుగా ఉంది. ఆకు మందం, రంగు నలుపు తిరిగిన పచ్చ. పక్క మళ్ల కంటే వేలెడు ఎత్తు.

“గీ మడికి ఏమేసినవ్?” అన్నాడు.

ఆమె బిందెలు దించకుండానే అటు చూసింది. “నేనేం వేశా? వేసింది మీరు. పోయిన వేసవిలో మీ మంద చివరి రాత్రి పడుకుంది అక్కడేగా. నాలుగు పంట కార్లుగా చూస్తున్నా, మీరు వెళ్లిపోయాక ఆ చోటు ఇట్లాగే వచ్చుద్ది.”

“గిట్లనా?”

“ఇట్లాగే. నీకెట్లా తెలుసుద్ది. పోయినోళ్లు చూడరుగా.”

మళ్లీ దొరువులోకి దిగింది.

అతను మడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నిజమే, చూడలేదు. ఎన్ని ఊళ్లు, ఎన్ని చేలు, ఎన్ని వందల రాత్రులు. ఏ ఒక్క చోటా ఒక్క ఆకు లేవడం అతను కళ్లారా చూడలేదు. తను వెళ్లిపోయిన నేల అయిపోయిన నేల అనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. వేలితో ఒక మొక్కను కదిపాడు. అది కదిలి, మళ్లీ తన చోటికి వచ్చింది. పక్క మొక్కను కూడా కదిపి చూశాడు.

జేబులో ఫోన్ మోగింది. తమ్ముడు. వెనక నుంచి గొర్రెల అరుపులు, ఒక మెడగంట. ఆ గంట ఏ గొర్రెదో అతనికి తెలుసు. పిక్కల్లో తిరుగుడు మొదలైంది.

“అన్నా, తిన్నవా?”

“ఇంక లేదు.”

“ఏం జేస్తున్నవక్కడ? చేపలు పట్టుడు నేర్సుకున్నవా?”

“నోర్ముయ్. గొర్లు మంచిగున్నయా?”

“అవి మంచిగనె ఉన్నయ్. మనుసులే ఆగమైతున్నరు. మన అక్క సుక్కమ్మ రోజు ఏడుస్తాంది. తమ్ముడు ఆంధ్రల ఇల్లరికం పోయిండని ఊరంత నగుతున్నరు. నాకేం ఫికర్ లేదనుకో, నేను గూడ నగుతున్న.” పరమేష్ గొంతు మారింది. “అన్నా, దసరా దాటంగనె మంద లేవాలె. నువ్వు ముందల లేకుంటె అవి అడవి దాటుతయా? ఇన్నాళ్లు అడగలే, నీకు నువ్వే వస్తవనుకున్న. గా ఆంధ్రామెకు ఏమని చెప్పి వస్తవో అది నీ ఇష్టం. వస్తవా, రావా? ఒక్కటే మాట చెప్పు.”

చెన్నయ్య లేచి నిలబడ్డాడు. దొరువు మెట్ల మీద నిర్మలమ్మ పైకి వస్తోంది. రెండు చేతుల్లో నిండు బిందెలు. ఫోన్ చేసింది ఎవరో ఆమెకు తెలుసు. తెలిసే, అతని వైపు చూడకుండా మెట్ల వైపే చూస్తూ ఎక్కుతోంది. ఈ నెలలో ఫోన్ మోగినప్పుడల్లా ఆమె అట్లాగే ఏదో ఒక పనిలోకి ముఖం తిప్పుకుంది. తమ్ముడితో ఆమె ఒక్కసారీ మాట్లాడలేదు. మాట్లాడించాలని అతనికీ తోచలేదు. పిక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తిరగనీ అనుకున్నాడు. కాళ్లు కాళ్ల పనే చేస్తాయి.

“అన్నా, వినవడ్తుందా?”

“వినవడ్తాంది. మనెంట మంద తోలే ఎల్లస్వామిని ముందల పెట్టు. వాని మాట వింటయ్ అవి. దారి నేను ఫోన్ల చెప్త.”

“అంటె రావా?”

“ఒక్క నిమిషం ఆగు. మీ వదినెతోటి మాట్లాడు.”

నిర్మలమ్మ మెట్టు మీదే నిలిచిపోయింది. రెండు చేతులూ ఖాళీ లేవు. బిందెలు దించడానికి చుట్టూ చూసింది. చెన్నయ్య చెప్పులు విడిచి, రెండు మెట్లు దిగి, ఆమె తడి జుట్టును వేలితో పక్కకు తోసి, ఫోన్‌ను ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.