గుడి మరిచిన పలక

నేను ఒక పలకను. బలపంతో రాసే పలకను కాదు, ప్లీడర్లు వేలితో తోసే గాజు పలకను. నాగరికులు నన్ను టాబ్లెట్ అంటారు. ఆ మాట వినగానే కొందరు మంచినీళ్ళ గ్లాసు కోసం వెతుక్కుంటారు, అది నా తప్పు కాదు. ముందుగా ఒక సంగతి చెప్పేస్తాను, తర్వాత ఎవరొచ్చి మరోలా చెప్పినా నమ్మకండి: సివిల్ కోర్టులో ఒక ఇంజంక్షన్ కేసును నేనొక్కదాన్నే గెలిచాను. ప్లీడరు గెలవలేదు, కాగితాలు గెలవలేదు, జానెడు పొడవున్న నేను గెలిచాను. అబద్ధమాడితే అరచేతిలో వెంట్రుకలు మొలుస్తాయంటారు గానీ, నాకు అరచెయ్యే లేదు. కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నేను పుట్టింది ఏ దేశమో నా వీపు మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. అది చదవగలిగిన కళ్ళున్నవాడు నన్నింతవరకూ కొనలేదు. ఓడెక్కి, లారీ ఎక్కి విశాఖపట్నంలో దిగాను. అక్కడ నన్ను కొన్నాయన కలిదిండి శ్రీహర్షవర్మ, పేరు మోసిన లాయరు. నాలో దేశంలో ఉన్న చట్టాలన్నీ ఎక్కించాడు. తీర్పులు వెతికే యాప్ ఒకటి, వాయిదాలు గుర్తుచేసే యాప్ ఒకటి, సంతకం పెట్టే యాప్ ఒకటి. ఎక్కించి, ఆ తర్వాత పొద్దస్తమానం వాళ్ళ బావకు మెసేజీలు పెట్టేవాడు. బావా లేచావా, బావా టీ అయిందా, బావా మ్యాచ్ చూస్తున్నావా, బావా మొన్న ఇస్తానన్న ఆవకాయ ఏదీ. అక్షరం ముందు పడగానే మిగతా మాట నేనే అందించాలి, అది నా ఉద్యోగం. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన 'బా' అని మొదలుపెడితే చాలు, నేను 'బావ' అని పూర్తిచేసేదాన్ని. బాకీ రాయబోయినా బావే, బాధ్యత రాయబోయినా బావే.

కొత్త పలక రాగానే వర్మగారు నన్ను అమ్మేశాడు. అమ్మే ముందు దుకాణంవాడు నా బుర్ర శుభ్రంగా కడిగాడు. చట్టాలు పోయాయి, తీర్పులు పోయాయి, యాప్‌లు పోయాయి. బావ మాత్రం పోలేదు. ఎందుకు పోలేదని అడగకండి. చంటప్పుడు నేర్చిన బూతు ముసలితనంలో కూడా మరిచిపోరు కదా, అలాంటిదే.

నన్ను రెండో చెయ్యిగా కొన్నాయన మండపాక అప్పలస్వామి ప్లీడరు. ఊరి పేరు చెప్పను, కోర్టు సంగతి. కొండల పక్కన చిన్న కోర్టు, పెంకుల వసారా, వసారాలో బల్లలు, బల్లల మీద కక్షిదారులు. అప్పలస్వామిగారికి డెబ్బై నిండాయి. నలభై ఏళ్ళుగా ఆయన నోటితో చెబుతుంటే గుమాస్తా టైపు కొట్టేవాడు. ఆ గుమాస్తా కంటి ఆపరేషనని సెలవు పెట్టాడు. అదే వారంలో ఎదుటి బల్ల లాయరు పొట్నూరు శ్రీధర్ కొత్త లాప్‌టాప్ తెచ్చుకుని, "బాబాయిగారూ, మీరింకా బొగ్గు రైలేనా?" అన్నాడట. ఆ మాటకే నన్ను కొన్నారు. అవసరం సగం, ఉక్రోషం సగం.

ఆయన నన్ను టాబ్లెట్ అనలేదు, ఒక్కనాడూ. పలక అన్నారు. నాకది నచ్చింది. నాతో మాట్లాడితే నేనే రాసుకుంటానని తెలిశాక ఆయన ఆనందం చూడాలి. తలుపు వేసుకుని, పళ్ళసెట్టు తీసి గ్లాసులో పెట్టి, కాళ్ళు బారజాపుకుని చెప్పేవారు. పళ్ళు లేని నోట్లో చివరి అక్షరాలు చిగుళ్ళ దగ్గరే ఆగిపోయేవి. ఆగినవాటిని నేను నా తెలివితో పూరించేదాన్ని. నా తెలివి ఏపాటిదో మీకు ఇప్పటికే తెలుసు.

అప్పుడొచ్చింది బంగారమ్మ. ఎనభై సెంట్ల పొలం చెక్కలో కనకాంబరాలు వేసుకుని, రోజూ తెల్లారకుండా కోసి, బస్సులో టౌనుకు తెచ్చి అమ్ముకునే మనిషి. ఆ చెక్కకు నీరంతా ఒక్క నుయ్యి. వాళ్ళ నాన్న ఇద్దరు కూతుళ్ళకు భూమి పంచుతూ, గట్టు మీదున్న నూతిలో చెరిసగం అని దస్తావేజు రాసిపోయాడు. అక్క పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళుగా అక్క మొగుడు సింహాద్రినాయుడికీ ఈమెకూ మాటల్లేవు. ఆయన తన వంతు భూమిలో బోరు వేసుకున్నాడు. కోళ్ళ షెడ్డు కట్టడానికి నుయ్యి అడ్డమొచ్చింది. శనివారం ట్రాక్టర్లతో మట్టి తోలి పూడ్చేస్తానని ఊరంతా చెప్పాడు.

బంగారమ్మ వచ్చింది గురువారం. శుక్రవారం దాటితే కోర్టుకు వేసవి సెలవులు. సెలవుల్లో జిల్లా కేంద్రంలో అత్యవసరాలకు ఒక కోర్టు తెరిచి ఉంచుతారు గానీ, వీళ్ళు అక్కడికి పోయేలోపు నుయ్యి నేలమట్టమవుతుంది. పూడ్చొద్దని శుక్రవారమే ఉత్తర్వు రావాలి. రాకపోతే మే నెల ఎండకు కనకాంబరం మొక్క పదిరోజులు కూడా నిలవదు. ఆమె ఏడవలేదు. ప్లీడరుగారి బల్ల మీద ఒక పూల దండ పెట్టి, "ఇది మా ఇంటి అన్నం బాబూ" అంది, అంతే.

అప్పలస్వామిగారు ఆ రోజే పిటిషను చెప్పడానికి కూర్చున్నారు. ఇక్కడొక చిన్న గర్వం ఆయన కొంప ముంచబోయింది. బంగారమ్మ ఆసాంతం నుయ్యి అనే చెప్పింది. దస్తావేజులోనూ నుయ్యి అనే ఉంది. కానీ కోర్టు కాగితంలో నుయ్యి అంటే మోటుగా ఉంటుందని ప్లీడరుగారు దాన్ని 'బావి' చేశారు. చేసి, పళ్ళసెట్టు తీసి, నాకు చెప్పారు.

నేను రాశాను. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయిన ఆయన, అంతా బాగానే ఉంటుందిలే అని మీట నొక్కి పిటిషను కోర్టుకు పంపేశారు. మర్నాడు పొద్దున అచ్చు తీసిన ప్రతుల మీద కూడా అదే నమ్మకంతో సంతకాలు పెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం కేసు పిలిచారు. నన్ను చంకలో పెట్టుకుని మా ప్లీడరుగారు లేచారు. జడ్జిగారు చిన్న వయసు ఆడమనిషి, తక్కువ మాట్లాడతారు. ముక్కు మీదికి జారే కళ్ళజోడు సర్దుకుంటూ పిటిషను చదవడం మొదలుపెట్టారు. రెండో పేరాలో ఆగారు. మళ్ళీ మొదటికొచ్చారు. తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని సింహాద్రినాయుడు ముందే కాగితం పెట్టి ఉంచాడు కాబట్టి, అతనూ అతని లాయరు శ్రీధరూ అక్కడే ఉన్నారు. శ్రీధర్ చేతిలోనూ ఒక ప్రతి ఉంది. వాడి మొహం వెలిగిపోతోంది.

శ్రీధర్ లేచి, కోర్టువారి అనుమతితో కొన్ని వాక్యాలు చదువుతానని చదివాడు. అక్షరం మార్చకుండా చదివాడు, ఆ పాపం నాదే.

"సదరు బావ వాది, ప్రతివాదుల ఉమ్మడి ఆస్తి. సదరు బావలో వాదికి సగం వాటా కలదు. సదరు బావ మండువేసవిలోనూ ఊరుచుండును. వాది సదరు బావపై మోటారు బిగించుకొని యున్నది. ప్రతివాది సదరు బావను మట్టితో పూడ్చివేయుటకు ట్రాక్టర్లు మాట్లాడి యున్నాడు."

కోర్టు హాలు అలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. బెంచి గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. బయట వసారాలో ఉన్నవాళ్ళు కిటికీల దగ్గరికి చేరారు. ప్రతివాది సింహాద్రినాయుడే ఆ సదరు బావ అని తెలిసేసరికి రెండో విడత నవ్వు లేచింది. మా ప్లీడరుగారు నన్ను చంకలోంచి తీసి బోర్లా బల్ల మీద పడేశారు. నాకు చీకటి తప్ప ఏమీ కనపడలేదు, అయినా అన్నీ వినబడ్డాయి; ఇక మీదట చూసినట్టు చెప్పేవి తర్వాత వసారాలో చెప్పుకోగా విన్నవి.

నవ్వు తగ్గాక శ్రీధర్ అసలు దెబ్బ వేశాడు. పిటిషను మొత్తంలో బావి అన్న మాట ఒక్కసారి కూడా లేదు, లేని బావికి ఉత్తర్వు ఎలా ఇస్తారు, వెనక్కి తీసుకుని సెలవుల తర్వాత సరిగ్గా రాసుకురమ్మనండి అన్నాడు. పైగా అక్కడ ఉన్నది బావి కాదు, ఇరవై ఏళ్ళుగా చుక్క నీరు లేని పాడుగొయ్యి, గొడ్లు పడిపోకుండా పూడుస్తున్నాం, ఇదిగో మా కౌంటరు అన్నాడు. నవ్వులాట అయిపోయింది. శనివారం ట్రాక్టర్లు కళ్ళముందు కనబడ్డాయి.

జడ్జిగారు బంగారమ్మను ముందుకు పిలిచారు. ఈ కాగితంలో ఏం రాశారో తెలుసా, మీకేం కావాలో మీరే చెప్పండి అన్నారు.

బంగారమ్మ కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. "బావి అంటే ఏటో నాకు తెలీదమ్మగోరూ. మా ఊళ్ళో దాన్ని నుయ్యంటాం. కాయితంలో తప్పు రాసేరని అందరూ నవ్వుతున్నారు గానీ, నాకు తప్పు కనబళ్ళేదు. ఆ నుయ్యి తవ్వింది ఈ బావే. మా అక్కని చేసుకున్న ఏడాదే మా నాన్నతో కూడా దిగి తవ్వినాడు. అరచేతులు రెండూ పగిలిపోతే మా అక్క పసుపు రాసేది, నాను గుడ్డ కట్టేదాన్ని. ఇప్పుడా నుయ్యి కప్పెడితే ఆయన్ని ఆయనే కప్పెట్టుకున్నట్టు. అందుకే వద్దంటన్నాను."

జడ్జిగారు కళ్ళజోడు తీసి, నెమ్మదిగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. సింహాద్రినాయుడు నేల చూపులు చూస్తున్నాడు.

ఇక్కడ చూడండి మా ముసలాయన పని. నలభై ఏళ్ళ ప్లీడరీ ఊరికే పోతుందా? పళ్ళసెట్టు నాలుకతో ఒకసారి సర్దుకుని, ఎంతో విచారంగా, జడ్జిగారితో అన్నట్టు ప్రతివాదికి వినబడేలా అన్నారు: "మా పార్టీ అమాయకురాలండి, పొరబడింది. ఆ నుయ్యి తవ్వింది ఈయన కాదట. ఈయనకు అప్పట్లో గునపం పట్టడమే రాదట. పొరుగూరి కూలీలు తవ్వితే ఈయన గట్టు మీద కూచుని చుట్ట కాల్చేవాడట."

"ఎవుడండీ ఆ మాటన్నది?" సింహాద్రినాయుడు ముందుకొచ్చేశాడు. శ్రీధర్ చొక్కా పట్టుకు లాగినా ఆగలేదు. "ఆరు నిలువుల నుయ్యండి అది. ఆఖరి నిలువు వొట్టి బండ. మా మావ పైన తాడట్టుకుంటే నాను దిగి కొట్టినాను. ఏ కూలోడు దిగుతాడండీ ఆ లోతుకి? ఇవాళెళ్ళి చూసుకోండి, రోహిణీ కార్తెలో కూడా నడుం లోతు నీరుంటాది. జిల్లాలో అలాటి ఊట ఇంకోటి సూపించమనండి, మీసం తీయించుకుంటాను."

శ్రీధర్ కూర్చుని కౌంటరు మూసేశాడు.

జడ్జిగారు నెమ్మదిగా అడిగారు, అయితే నుయ్యి ఎండిపోలేదన్నమాట?

"ఎండిపోడమేటమ్మా. ఎవరన్నారు?"

"మీ లాయరుగారు."

సింహాద్రినాయుడు వెనక్కి తిరిగి తన లాయరును చూసిన చూపుకు నేను సాక్షిని కాను, బోర్లా పడి ఉన్నాను. కానీ శ్రీధర్ కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం విన్నాను.

ఉత్తర్వు అక్కడికక్కడే వచ్చింది. తదుపరి ఆదేశాల వరకు నుయ్యి పూడ్చరాదు, వాది నీరు తోడుకోవడానికి అడ్డు చెప్పరాదు. పిటిషనులో తప్పులు ఇక్కడే కలంతో దిద్ది, ప్రతి దిద్దుబాటు పక్కన సంతకం పెట్టమన్నారు. మా ప్లీడరుగారు కలం తీశారు. బడిలో పంతులు చెప్పింది గుర్తుందా, వకారానికి గుడిస్తే వి. నేను మరిచింది ఆ గుడే. ఆయన ఒక్కో 'బావ' దగ్గర ఆగి, 'వ' నెత్తిన గుడి పెట్టి, పక్కన సంతకం చేస్తూ పోయారు. మొత్తం పదిహేడు. ఒక్క మధ్యాహ్నంలో పదిహేడు గుళ్ళు కట్టిన పుణ్యాత్ముణ్ణి మా తాలూకా అంతకుముందు చూడలేదు. చివరి గుడి పెట్టి నన్ను తిరగేసి, "చూడవే పలకా, ఇదీ బావంటే, ఇదీ బావంటే" అని రెండు మాటలూ చూపించారు. రెండోసారి గుడితోనే అన్నారనుకుంటాను, పళ్ళసెట్టు జారింది.

కేసు గెలిచింది నేనే అని మొదట్లో అన్నాను కదూ? అది వట్టిది. నేను కేసును నిలువునా ముంచాను. తేల్చింది బంగారమ్మ, ఒడ్డుకు లాగింది అప్పలస్వామిగారు, తాడు అందించింది సింహాద్రినాయుడి మీసం. నేను చేసిందల్లా అందరినీ ఒకసారి నవ్వించడం. అయితే ఒకటి. రెండేళ్ళుగా మాటల్లేని మరదలు ఆ రోజు అంతమందిలో ఆయన్ని బావ అంది. నేను బావి అనే సరిగ్గా రాసి ఉంటే, ప్రతివాది అనేది. ఆ కాస్త గొప్ప నాకు వదిలెయ్యండి.

సెలవుల్లో జరిగింది వినండి. కోర్టులో అంత మాట అన్నాక ఆ ఊట నిజమో కాదో చూద్దామని ఊరంతా నూతి చుట్టూ చేరింది. నీళ్ళున్నాయి గానీ అడుగున బురద మేట వేసింది. సింహాద్రినాయుడు ఊరుకోగలడా? పూడుస్తానన్నవాడే పంచె ఎగ్గట్టి నూతిలోకి దిగి పూడిక తీశాడు. పైన తాడు పట్టుకోవడానికి మామ లేడు గనక బంగారమ్మ పట్టుకుంది. కోళ్ళ షెడ్డు పది గజాలు అవతలికి జరిగింది. కోర్టు తెరవగానే రాజీ కాగితం పెట్టుకున్నారు. అది కూడా నాతోనే రాయించారు, పళ్ళసెట్టు పెట్టుకుని మరీ. నుయ్యి అని చెప్పారు, నుయ్యి అనే రాశాను. ఆ మాట చివరా గుడి ఉంది గానీ, అది మరిచినా బావ మాత్రం అవ్వదు.

ఇప్పుడు నేను బార్ అసోసియేషన్ గదిలో ఉంటాను. ఒక మూల గాజు పగిలింది, ఛార్జింగు పూటకు సరిపోదు, గోడలో తీగ గుచ్చి ఉంచుతారు. అప్పలస్వామిగారికి గుమాస్తా తిరిగొచ్చాడు. నన్ను మాత్రం అమ్మలేదు, గదికి ఇచ్చేశారు. పొద్దున్నే ప్లీడర్లంతా నా చుట్టూ మూగి ఏ కేసు ఎన్నో నంబరో చూసుకుంటారు. శ్రీధర్ కూడా చూసుకుంటాడు, వాడి లాప్‌టాప్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది. చూసుకుని, ఎవరూ లేకపోతే, "ఏం బావా" అని నా గాజు మీద వేలితో కొడతాడు. నాకు కోపం రాదు. ఈ కోర్టులో మనుషులు వరస కలిపి పలకరించే యంత్రం నేనొక్కదాన్నే.

ఇందులో నేను కల్పించింది ఏదని అడుగుతారని తెలుసు. బావలో సగం వాటా అంటారేమో, కాదు. దానికి కోర్టు నకలు ఉంది, కావాలంటే దరఖాస్తు పెట్టుకుని తీసుకోండి. మీసం పందెం నిజం. పదిహేడు గుళ్ళూ నిజం, లెక్కపెట్టుకోవచ్చు. పూడిక తీసింది కూడా నిజమే. నేను కల్పించింది ఒక్కటే, జడ్జిగారి కళ్ళజోడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకోరు. మరి బంగారమ్మ మాట్లాడాక ఆవిడ తీసి తుడుచుకున్నదేమిటంటారా? తీయలేదు. తుడుచుకోవడం మాత్రం తుడుచుకున్నారు.