ముందు నడిచేవాడి మాట

అడవిదారిలో లచ్చయ్య ముందు నడిస్తే ఊరంతా వెనక నడవాల్సిందే. ముందున్నవాడు పక్కకు తప్పుకుని "నడువు" అనేదాకా ఎవరూ దాటి పోకూడదు. ఎలుగుబంటి తరుముతున్నా సరే, అదే పద్ధతి. తన తర్వాత ముందు నడిచేది మేనల్లుడు హేమ్లాయేనని లచ్చయ్య ఎప్పుడో తీర్మానించేశాడు.

ఆ అల్లుడు కాస్తా మిలిటరీ అన్నాడు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. లచ్చయ్య మూతి ముడుచుకునే ఖమ్మం దాకా తోడు వచ్చాడు.

"తుపాకి పట్టనీకి రాత పరీక్ష ఏందిర?" అని బస్సులో అడిగాడు.

"ఇప్పుడంత మారింది మామా. పరుగుల, పరీక్షల పాసైతే రేడియో పని గూడ నేర్పుతరంట. నాకు గదే కావాలె."

"అడివిల నా కేక సాలదా నీకు?"

మైదానంలో పరుగు మొదలైంది. టైం కాగానే గీత దగ్గర తాడు అడ్డం పెడతారు. దాని వెనక మిగిలినవాళ్ళు ఇంటికే. పాల్వంచ కుర్రాడు గణేష్ వెనకాలే హేమ్లా ఆడుతూ పాడుతూ పరిగెత్తాడు. ఆఖరి చుట్టులో గణేష్ డీలా పడ్డాడు. హేమ్లా కూడా మర్యాదగా నెమ్మదించాడు.

"అన్నా, ముందుకు పోనా?" అని అడగడం మైదానం కంచె బయట నిలబడ్డ లచ్చయ్య దాకా వినిపించింది. గణేష్‌కు ఊపిరే అందడం లేదు, ఇక జవాబెక్కడిది?

"పిల్లగాడు అలిసిండు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. అలసట కాదని లచ్చయ్య ఒక్కడికే తెలుసు. ముందు మహా సంబరపడ్డాడు. నోరు మూసుకుంటే చాలు, అల్లుడు ఇంటికొస్తాడు. సిపాయిలు తాడు అందుకున్నారు. హేమ్లా కళ్ళనిండా నీళ్ళతో కంచె వైపు చూశాడు. లచ్చయ్య గుండె కలుక్కుమంది.

"అల్లుడా, నేను జెప్తున్న. నడువు."

అడవిలో కొండ అవతలికి వినిపించే కేక అది. హేమ్లా లేడిలా దూకాడు. తాడు అతని వీపు వెనకే పడింది.

రాత పరీక్ష కూడా గట్టెక్కాడు. ప్రయాణం రోజున రేకుపెట్టె భుజాన పెట్టుకుని మామ వెనక బస్సుకు బయల్దేరాడు. సగం దారిలో లచ్చయ్య పక్కకు తప్పుకున్నాడు.

"నడువు."

హేమ్లా తలవంచుకుని ముందుకు వెళ్ళాడు. ఆ వీపు చూస్తూ నడవడం లచ్చయ్యకు కొత్త. దుఃఖం ఆగలేదు.

"జర మెల్లగ పో అల్లుడా," అన్నాడు. "ఉరికొచ్చి ముందల నిలవడి ఆపుదమంటే, నిన్ను దాటొద్దు గద."