అవతలి ఒడ్డు స్కూలు

"అక్కడికెళ్లాక నువ్వేం మాట్లాడక్కర్లేదు. నవ్వుతూ కూర్చో, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

భర్త ఈ మాట అంటున్నప్పుడు ఆమె అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. అతను అద్దం ముందు బనీనుతో నిలబడి, స్కూల్లో ఫాదర్‌తో ఎలా మాట్లాడాలో పెదాలు కదుపుతూ సాధన చేసుకుంటున్నాడు. చొక్కా అయింది. కూతురి గౌను అయింది. అత్తగారు ఎక్కడికీ రాకపోయినా, "ఎలాగూ పెట్టె వేడిగా ఉందిగా" అని తన శాలువా తెచ్చి పడేశారు. అదీ అయింది. తన బట్టల వంతు వచ్చేసరికి ఎప్పటిలాగే టైమైపోయింది. ముడతలు చేత్తో దులుపుకుని ఆమె చెప్పులేసుకుంది.

ఆ నగరంలో హైస్కూళ్లు కోకొల్లలు. కానీ వాళ్లది క్యాథలిక్ కుటుంబం. భర్త గుడి పెద్దల సంఘంలో సభ్యుడు. కాబట్టి పిల్ల పెద్ద చదువు ఫాదర్ల దగ్గరో, కన్యస్త్రీల దగ్గరో అన్నది జ్ఞానస్నానం నాడే తేలిపోయింది. తేలనిది ఒక్కటే: ఏ స్కూలు? ఒకటి వాళ్ల గుడి పక్కనే ఉంది. గుడి గంటే బడి గంట కూడా కావడంతో అందరూ దాన్ని గంట స్కూలంటారు. రెండోది నదికి అవతల, కన్యస్త్రీలు నడిపే ఆడపిల్లల స్కూలు. ట్రాములో వంతెన దాటి వెళ్లాలి. ఫీజులు దాదాపు ఒకటే. మార్కుల్లోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా వేరేచోట ఉంది. గంట స్కూలు క్యాంటీన్ తల్లులే నడుపుతారు. వండేదీ, వడ్డించేదీ, గిన్నెలు తోమేదీ వాళ్లే. దాన్ని సేవ అంటారు. తండ్రుల సేవ ఏడాదికోసారి జరిగే పండగరోజు వేదిక మీద కుర్చీలు వేయడంతో సరిపోతుంది. 'తల్లి ఇంట్లో ఉంటేనే ఆ స్కూలు' అని ఆ వీధుల్లో పేరు. ఈ సంగతి ఆమె కాస్త ఆలస్యంగా గ్రహించింది. ఇంట్లోవాళ్లు ఎంచుతున్నది పిల్లకి బడిని మాత్రమే కాదు. బడి పిల్లకి, పలుపుతాడు తల్లికి.

"గుడి పక్కనే బడి. ఇంకేం కావాలి?" అని అత్తగారు నెల్లాళ్లుగా జపమాలలా తిప్పుతున్నారు. "నువ్వా ఫోన్లెత్తే పని మానేశావనుకో, మధ్యాహ్నం నాకూ ఇంత వేడిగా వండిపెట్టినట్టుంటుంది."

ఫోన్లెత్తే పని! నిజమే, ఫోన్లే ఎత్తుతుంది. అంబులెన్సు కంట్రోల్ రూములో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నగరంలో ఎవరి కొంప మునిగినా ముందు వినేది ఆమే. అవతల మనిషి కేకలేస్తుంటాడు, ఏడుస్తుంటాడు, తిడుతుంటాడు. ఆమె గొంతు మాత్రం లేవకూడదు. చిన్న చిన్న ప్రశ్నలు. ఎక్కడున్నారు? ఊపిరి తీస్తున్నారా? రక్తం ఎక్కడినుంచి వస్తోంది? ఒకసారి స్పృహ తప్పిన తల్లి పక్కన కూర్చుని ఓ చిన్నపిల్ల ఫోన్ చేసింది. బండి వెళ్లేదాకా ఆమె ఆ పిల్లతో మాట్లాడుతూనే ఉంది. తలుపు గొళ్లెం ఎలా తీయాలో చెప్పింది, తల్లిని పక్కకి ఎలా తిప్పాలో చెప్పింది. తల్లి బతికింది. ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికొచ్చి భర్తకి చెబితే, అతను అంతా విని, "కాఫీలో చక్కెర మర్చిపోయావ్" అన్నాడు. అప్పటినుంచి ఆమె ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పడం మానేసింది. మనసులో మాత్రం తెలుసు: ఆ గదిలో తన గొంతుకి విలువుంది. ఆ గొంతు ఇంటి గుమ్మం దాటగానే ఎందుకు తగ్గిపోతుందో ఆమెకే అంతుబట్టేది కాదు.

చేరేముందు పిల్లలు ఒకరోజు వచ్చి క్లాసులో కూర్చుని చూడొచ్చని రెండు స్కూళ్లూ అన్నాయి. గంట స్కూలుకి వెళ్లొచ్చిన రోజు, "ఎలా ఉందే?" అంటే కూతురు, "బానే ఉంది" అంది. అంతే. అసలే మాటలు పొదుపుగా వాడే పిల్ల. నాయనమ్మ దానికి 'మౌనవ్రతం' అని పేరు పెట్టింది. అవతలి ఒడ్డు స్కూలునుంచి వచ్చిన రోజు ట్రాములో ఆ మౌనవ్రతం గట్టు తెగింది.

"అమ్మా, అక్కడొక అక్క లేచి, 'సిస్టర్, మీరేసిన లెక్క తప్పు' అంది. సిస్టర్ ఏమన్నారో తెలుసా? 'అయితే ఇలా వచ్చి నువ్వెయ్యి' అన్నారు. అమ్మా, నిజంగానే సిస్టర్ వేసింది తప్పు! అందరూ నవ్వారు. సిస్టర్ కూడా!"

ఇంటికొచ్చి ఇదే మాట తండ్రికి చెప్పబోయింది. "అక్కడ ఆడపిల్లలకి నోరు పెరుగుతుందని నాకెప్పుడో తెలుసు" అన్నాడతను పేపరు తిరగేస్తూ. "ఉన్న నోళ్లు చాలకనా ఈ ఇంట్లో?" అని అత్తగారు వంతపాడారు. పిల్ల నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవడం తల్లి చూసింది. అది తన ముఖమే. పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి చూసుకుంటే, పెళ్లయిన కొత్తలో తనూ సరిగ్గా అలాగే మూసుకుంది.

అవతలి స్కూలు పరీక్ష రాయించడానికి అతను అడ్డు చెప్పలేదు. "రాయనీ, రాస్తే పోయేదేముంది" అన్నాడు. సీటు రాదని అతని ధీమా. వచ్చింది. ఈరోజు మధ్యాహ్నం పన్నెండులోగా తల్లో తండ్రో పిల్లని తీసుకుని స్వయంగా వచ్చి సీటు ఖాయం చేసుకోవాలని ఫోన్ కూడా వచ్చింది. "చూద్దాంలే" అన్నాడతను. ఈరోజు పొద్దున్నే గంట స్కూల్లో ఇంటర్వ్యూ పడితే, ఖర్మ, రెండూ ఒకే రోజు వచ్చాయనుకుంది ఆమె.

గంట స్కూలు ప్రిన్సిపాలు గది చల్లగా, శుభ్రంగా ఉంది. ఫాదర్ మంచివాడు. పెద్దాయన, నవ్వుముఖం. పిల్లని రెండు ప్రశ్నలడిగి, జవాబులకి తలూపి, ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలీడం లేదమ్మా. క్యాంటీన్ చూసుకునే ఆవిడ మానేసినప్పటినుంచి మా తల ప్రాణం తోకకొచ్చింది. మీరు ఉద్యోగం మానుకుని మరీ ఆ బాధ్యత మొత్తం తీసుకుంటున్నారంటే మామూలు త్యాగం కాదు."

భర్త కిటికీలోంచి మైదానం వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఏమిటో అనుకునేది. ఇదన్నమాట! తన చేతులు, తన మధ్యాహ్నాలు, తన కుర్చీ, ఆ హెడ్‌ఫోన్స్... అన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. ఇచ్చినందుకు మెప్పు కూడా పుచ్చేసుకున్నారు. ఒళ్లు భగ్గుమంది. కేక గొంతుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కంట్రోల్ రూము గొంతు లోపలినుంచి లేచింది. ముందు గాయం ఎక్కడో చూడు.

"ఆయన మీకిది ఎప్పుడు చెప్పారు ఫాదర్?"

"పోయిన ఆదివారం, పూజయ్యాక. గుడి మెట్ల దగ్గర."

"నేను ఉద్యోగం మానేస్తున్నానన్నారా?"

"అవునమ్మా... రాజీనామా ఇచ్చేశారనే అన్నట్టు గుర్తు."

"ఇంటర్వ్యూ ఈరోజే పెట్టమని అడిగింది కూడా ఆయనేనా?"

ఫాదర్ ఆమెని చూశాడు, అతన్ని చూశాడు. ఆయన నవ్వు సన్నబడింది. "ఈ పొద్దునైతేనే వీలవుతుందన్నారు."

"తను కాస్త కంగారులో ఉంది ఫాదర్," భర్త గబగబా అందుకున్నాడు. "పొద్దున్నించీ సరిగ్గా తినలేదు కూడా. సేవ చెయ్యడమంటే తనకి ప్రాణం. బైబిల్లో ప్రభువుకి వండిపెట్టిన మార్త లాంటిది."

"మార్త తన ఇంట్లో, తన ఇష్టంతో వండిందండీ," అందామె. గొంతు లేవలేదు. "ఆవిడ అన్న లాజరు వెళ్లి, మా చెల్లి వచ్చి వండుతుందిలే అని ఎవరికీ మాటివ్వలేదు. ప్రభువు కూడా ఆ పూట మార్తని వండిపెట్టమనలేదు. ఎందుకమ్మా అంత హైరానా పడతావ్ అనే అన్నాడు."

ఫాదర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె కూతురి వైపు తిరిగింది. "తల్లీ, నీకు ఏ స్కూలు కావాలి?"

పిల్ల తండ్రి వైపు చూసింది. తర్వాత నేల వైపు. భర్త, "దాన్నేంటి అడిగేది, చిన్నపిల్ల..." అంటుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది. అవతలివాళ్లు మాట్లాడకపోతే ఫోన్ పెట్టేయకూడదు, మనం మాట్లాడి ఆ ఖాళీని నింపనూ కూడదు. ఆగాలి. ఆమె ఆగింది. ఫాదర్ కూడా ఆగాడు.

"అవతలిది," అంది పిల్ల. చిన్న గొంతే. కానీ గదిలో అందరికీ వినపడింది.

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు భర్త పళ్లబిగువున.

"ఇంటికెళ్లి మాట్లాడుకునేసరికి పన్నెండు దాటుతుంది. ఈ టైము పెట్టించింది అందుకేగా!" ఆమె లేచింది. "క్షమించండి ఫాదర్. మీ మీద నాకే కోపం లేదు. మీకు క్యాంటీన్‌కి మనిషి కావాలి. ఆ మనిషి నేను కాదు."

గేటు దాటేలోగా అతను వెనకాలే వచ్చాడు. "పరువు తీశావ్! ఆదివారం గుడిలో తలెలా ఎత్తుకోమంటావ్ నన్ను? ఏం తక్కువ చేశాననీ నీకు? నీ మంచికేగా! రెండు పడవల మీద కాళ్లెందుకనేగా!" ట్రాము మలుపు తిరిగింది. "ఇదిగో, ఆ ట్రాము ఎక్కావంటే..."

"ఎక్కితే?"

అతను నోరు తెరిచాడు. పన్నెండేళ్లుగా ఆ వాక్యానికి చివర కావాల్సి రాలేదు. 'ఎక్కావంటే' దగ్గరే ఆమె ఆగిపోయేది. ఈసారి ఆమె ఎదురుచూస్తోంది, చివర అతనికే దొరకలేదు. ట్రాము ఆగింది. తల్లీకూతుళ్లు ఎక్కేశారు.

ట్రాము వంతెన మీదికొచ్చింది. ఇంత పని చేసింది తనేనా? సాయంత్రం ఆ ఇంటి తలుపు తట్టాల్సింది కూడా తనే. అత్తగారు అలక పాన్పు ఎక్కుతారు. ఆడపడుచుకి ఫోన్ వెళ్తుంది. ఆవిడ అన్నకి ఫోన్ చేస్తుంది, 'వదినకి ఉద్యోగం తలకెక్కింది' అంటుంది. అన్నీ ముందే తెలుసు. భయపడ్డానికి కొత్తదేమీ లేదు. తప్పు చేయకపోయినా రోజూ తింటున్న అక్షింతలే ఇవీ. కనీసం ఇవాళ ఒక పని చేసి తింటుంది.

"నాన్నకి కోపమొస్తుంది," అంది కూతురు కిటికీలోంచి నీళ్లు చూస్తూ.

"రానీ."

"నీ మీద కూడా."

"నీ మీద రాకపోతే చాలు. నాది నేను చూసుకుంటాగా."

పిల్ల ఆమె వైపు తిరిగి, "నాది నేను చూసుకోలేనా ఏంటి?" అంది. ఆమె నవ్వేసింది. చేరకముందే నోరు పెరిగింది!

ప్రిన్సిపాలు సిస్టర్ ఆఫీసులో లేరు. పక్క షెడ్డులో, మోచేతులదాకా బట్ట మడిచి, ఎవరో పిల్ల సైకిలు గొలుసు ఎక్కిస్తున్నారు. చేతులనిండా నల్లటి గ్రీజు. "చెయ్యివ్వనులే, మసి," అన్నారు. పిల్లని చూసి, "నువ్వా! లెక్క తప్పయినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వేగా" అన్నారు. పిల్ల ముఖం వెలిగింది. సీటు ఖాయం చేయడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్ల నాన్నగారు ఒప్పుకున్నారా అని అడిగారు. లేదంది ఆమె. "మా వరకు ఒకరు చాలు. ఇంట్లో ఇబ్బంది మాత్రం మీకే," అన్నారు సిస్టర్. తెలుసంది ఆమె.

"ఇంకో మాట. మా దగ్గరా తల్లిదండ్రులకి పనుంటుంది. శనివారాలు వంతులవారీగా వచ్చి క్లాసులు కడగాలి, బెంచీలు బాగుచెయ్యాలి. సీటుకీ దీనికీ ముడిపెట్టం. ఎవరూ రాకపోయినా సీటు పిల్లదే. వస్తే సంతోషం. మీ ఇంటినుంచి ఎవరొస్తారు?"

'నేనే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఇన్నేళ్ల అలవాటు. మింగేసింది. వెంటనే దాని వెనకే ఇంకోటి, మహా తియ్యటిది, తోసుకొచ్చింది: 'మా ఆయన వస్తారు సిస్టర్. సేవంటే ప్రాణం.' చెప్పేస్తే చాలు. గుడి మెట్ల మీద తనకి జరిగిందే అతనికి ఇక్కడ జరుగుతుంది. ఒక్క క్షణం ఆ రుచి చూసుకుంది. తర్వాత దాన్నీ మింగేసింది. సంచిలో వరసగా మోగుతున్న ఫోన్ తీసింది. భర్తే.

"ఎక్కడున్నావ్? ఏం చేస్తున్నావ్ అసలు?"

"స్కూల్లో. పిల్లని చేర్పించేశాను. ఒక్క నిమిషం వినండి. ఇక్కడ శనివారాలు తల్లిదండ్రులు వచ్చి గదులు కడగాలట. నేను ఒక శనివారం వస్తాను. రెండోది మీరొస్తారా?"

"నన్ను... నన్నడుగుతున్నావా?"

"అవునండీ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీ తరఫున నేను మాటివ్వలేదు. అడగడమంటే ఇలా ఉంటుంది. కుదరదంటే కుదరదని మీరే సిస్టర్‌గారికి చెప్పండి."

సిస్టర్ గ్రీజుచేతిని గుడ్డకి తుడుచుకుని, ఫోన్ అందుకుని, "ఆఁ, చెప్పండి బాబూ" అన్నారు.

ఆ జవాబు కోసం ఆమె ఆగలేదు. డ్యూటీకి వెళ్లేలోగా, కూతురు తన క్లాసు ఎక్కడో చూపిస్తానంటోంది.