వల కింద కాపలా

నన్ను సముద్రంలోకి దింపే ముందు చేయవలసిన పనులు: మరలు బిగించాలి. ఉప్పునీటి తొట్టిలో ముంచి చూడాలి. తీగను ఒడ్డుదాకా పరవాలి. కొబ్బరికాయ కొట్టాలి. నన్ను ఎక్కడ పెడుతున్నారో కొత్తరేవు జాలర్లకు చెప్పాలి.

చివరిది తప్ప అన్నీ చేశారు.

నేను ఒక కొలిచే యంత్రాన్ని. మా స్టీలు వంశంలో అందరూ గిన్నెలూ, గ్లాసులూ, గేట్లూ అయ్యారు. చదువుకున్నది నేనొక్కణ్ణే. అందుకే కాస్త గర్వం, బోలెడు భయం, అప్పగించిన పని చెడగొట్టకూడదన్న పట్టుదల.

ఒడ్డున ఒక ఫ్యాక్టరీ ఉంది. దాని పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను గొట్టంలో తెచ్చి, సముద్రం అడుగున రాతిపొరల్లో దాచేస్తారు. మనుషులు తమ పొగను తామే పాతిపెట్టి, అది మళ్లీ లేచి వస్తుందేమోనని నన్ను కాపలా పెట్టారు. అది పైకి కారితే నీళ్లు పులుస్తాయి. ఆ పులుపునూ, నీళ్లలోని ఆక్సిజన్‌నూ కొలిచి, తీగ ద్వారా ఒడ్డుకు చెప్పడం నా ఉద్యోగం.

నన్ను అమర్చిన ఇంజినీరు హేమసుందరి. దింపేముందు నా వీపు తట్టి, "ఉన్నది ఉన్నట్టు చెప్పు. భయపడి ఎక్కువ చెప్పకు, మొహమాటపడి తక్కువ చెప్పకు," అంది. ఆ మాట తప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అడుగున అంతా చదునైన బురద. ఎత్తుగా ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి చేపలు నా చుట్టూ చేరాయి. చేపలున్న చోటికి వల రాక మానుతుందా? ఒకనాడు దిగింది, నా కాళ్లకు చుట్టుకుంది. పైనుంచి లాగారు, మళ్లీ లాగారు. నేను కదలలేదు. చివరికి తాడు కోసుకుని వెళ్లిపోయారు. వల మొత్తం నా నెత్తిన పడింది.

ఇక ఆ చెరలో నేనూ చేపలూ. వాటి తోకలు నా ఒంటికి కొట్టుకుంటూనే ఉన్నాయి. విడిపించడానికి నాకు చేతుల్లేవు. చచ్చినవాటిని తినవచ్చిన పీతలూ చిక్కాయి. అన్నీ కుళ్లాయి. వల లోపలి నీళ్లు పులిశాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఒడ్డున గగ్గోలు. వాయువు కారుతోందన్నారు. సంగతి తేలేదాకా కొత్తరేవు పడవలేవీ కదలకూడదన్నారు. 'కారడం లేదు, చేపలు కుళ్లుతున్నాయి' అని అరవాలనిపించింది. నా భాషలో ఆ మాట లేదు. ఒకటే ఆధారం. వాయువు కారితే పులుపు పెరుగుతుంది గానీ ఆక్సిజన్ పెద్దగా తగ్గదు. ఏదైనా కుళ్లితే మాత్రం ఆక్సిజన్ కూడా హరించుకుపోతుంది. ఆ అంకెలూ పంపుతూనే ఉన్నాను. హేమసుందరి గమనించింది. కానీ పైవాళ్లు, "ఏం కుళ్లుతోందో చూపించు, అప్పుడు నమ్ముతాం," అన్నారట.

ఇదంతా తర్వాత పడవ మీద విన్నాను. ఆమె రేవుకు వెళ్లి, ఎవరిదైనా వల పోయిందా అని అడిగిందట. అందరూ నేలచూపులు చూశారట. యంత్రం పాడుచేశారని కేసు పెడతారని భయం. అప్పుడు లోవరాజనే జాలరి లేచి, "ఆ వల నాదేనమ్మా," అన్నాడట. ఆ మాట మీదే నన్ను పైకి తీయడానికి పైవాళ్లు ఒప్పుకున్నారట. వల విప్పడానికి తనూ పడవెక్కాడు.

వలతో సహా నన్ను పైకి లాగితే కంపు భరించలేక హేమసుందరి ముక్కు మూసుకుంది.

"ఏటమ్మా, సదువుకున్న ముక్కు ఓర్సుకోలేకపోతందా?" అని నవ్వాడు లోవరాజు.

"నీ వలే కదా బాబాయ్, నువ్వే పీల్చు!"

"ఈడ మీ యంత్రముందని ఒక్క ముక్క సెప్తే ఇటేపు వచ్చేవోణ్ణా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "చెప్పాల్సింది బాబాయ్. చెప్పలేదు." "మరి కేసవుతుందని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావు?" అంది.

"ఊరి పడవలన్నీ ఒడ్డెక్కి కూకుంటే, నాను నోరు మూసుక్కూకోవాలా?"

పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లాయి. లోవరాజుది తప్ప. హేమసుందరి ఎంత వాదించినా, విచారణ ముగిసేదాకా దాన్ని కదపవద్దన్నారు.

నా చోట కొత్త యంత్రాన్ని దింపి, నన్ను తోమి, ఆఫీసు హాల్లో గాజుపెట్టెలో పెట్టారు. 'లీకు లేదని రుజువు చేసిన యంత్రం' అని బోర్డు. వచ్చినవాళ్లు నా పక్కన ఫొటోలు దిగుతారు. ఇక్కడ కొలవడానికి నీళ్లు కూడా లేవు. నీళ్లు పులిశాయని మాత్రమే నేను చెప్పగలిగాను. ఎందుకు పులిశాయో ఒప్పుకున్నవాడి పేరు ఆ బోర్డు మీద లేదు.

మీరెప్పుడైనా ఈ హాలుకు వస్తే నన్ను చూడకపోయినా ఫరవాలేదు. కొత్తరేవులో, కట్టేసిన పడవ నీడన కూర్చుని కొత్త వల అల్లుకుంటున్న లోవరాజును మాత్రం గుర్తుపెట్టుకోండి.