తలుపు తీసి పెట్టిన బొట్టు

నేను ఒక ఫ్లాపీని. అరచేతిలో పట్టే నల్లటి చదరపు బిళ్ళని. నా రేకు తలుపు పక్కకి జరిపితే లోపల గుండ్రటి పల్చటి పొర కనిపిస్తుంది. దాని మీద పూసింది ఏమిటనుకున్నారు? మెత్తగా నూరిన తుప్పు. సమాచార యుగానికి పునాది తుప్పేనంటే వంశగౌరవం పోతుందని ఇన్నాళ్లూ చెప్పలేదు.

చక్రం వచ్చిన రోజున చక్రమూ, అచ్చుయంత్రం వచ్చిన రోజున అచ్చుయంత్రమూ ఇక లోకం తమదేననుకుని ఉంటాయి. నేనూ అలాగే అనుకున్నాను. బందరులో రంగనాయకులు గారి అచ్చాపీసులో కంప్యూటరుతో పాటు అడుగుపెట్టినప్పుడు నా మిడిసిపాటు చూడాల్సింది. చెప్పులు బయట విడిచి మరీ మా గదిలోకి వచ్చేవాళ్లు. మనుషులు ఉక్కపోతకి ఉడికిపోతున్నా ఏసీ మాత్రం మాకే.

బయట హాల్లో భద్రయ్య అనే కంపోజిటరు ఉండేవాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చడం ఆయన పని. దసరా వెళ్లగానే ఆ సీసమంతా కరిగించడానికి అమ్మేస్తామనీ, తర్వాత ఆయనకి పని ఉండదనీ యజమాని చెప్పేశారు. యజమాని కూతురు హైమవతి నెల రోజులు కూర్చుని ఊరి బడి వజ్రోత్సవ సంచిక మొత్తం టైపు చేసింది. కంప్యూటరులో చోటు చాలక, అయిన పేజీలు నాలోకి ఎక్కించి అక్కడ చెరిపేసేది.

ఆయుధపూజ రోజు భద్రయ్య కాలితో తొక్కే అచ్చుయంత్రం ట్రెడిల్‌కీ, కాగితాలు కోసే కట్టరుకీ, సీసపు అక్షరాల అరలకీ పసుపు రాసి బొట్లు పెట్టాడు. నా దగ్గరికొచ్చి ఆగాడు. ఆయన పొట్ట కొట్టడానికి వచ్చినదాన్ని నేను. అయినా గుడి తలుపు తీసినంత భక్తిగా నా రేకు జరిపి, గంధం, కుంకుమ సరిగ్గా ఆ పొర మీద అద్దాడు. నన్నంత గౌరవంగా ఎవరూ చూడలేదు. అంత గౌరవంగా ఎవరూ చంపలేదు కూడా.

మర్నాడు నన్ను తనలోకి దూర్చగానే కంప్యూటరు కరకరమంది. సంచిక పోయింది. నా పొర మీద కుంకుమ చూసి, పని పోతోందన్న కసితోనే చేశాడని రంగనాయకులు గారు మండిపడి, భద్రయ్యని ఆ క్షణమే పొమ్మన్నారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నాకు నోరుంటే బావుండుననిపించింది.

హైమవతి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. నెల కష్టం నీళ్లపాలైన పిల్ల, ఏడుస్తుందనుకున్నాను.

"కసి ఉంటే విరిచి పారేసేవాడు నాన్నా. బొట్టెందుకు పెడతాడు?" అంది. తర్వాత భద్రయ్య వైపు తిరిగింది. "లోపలెందుకు పెట్టావు బాబాయ్?"

"అక్షరాలు లోపలున్నాయన్నావుగదమ్మా. పైన పెడితే వాటికెట్టా అందుద్ది?"

రంగనాయకులు గారు పొమ్మన్న మాట వెనక్కి తీసుకున్నారు. హైమవతి ఏసీ గదిలోకి ఇంకో కుర్చీ లాగింది. భద్రయ్య రాతప్రతి చదువుతుంటే ఆమె మళ్లీ టైపు చేసింది. సంచిక ఆలస్యంగానే వచ్చింది. సీసం కొలిమికి పోయింది. భద్రయ్య మాత్రం పోలేదు, ప్రూఫులు దిద్దుతూ ఆ కుర్చీలోనే ఉండిపోయాడు.

కంప్యూటర్లు మారాయి. ఇప్పటివాటికి నన్ను దూర్చే సందే లేదు. లోకమంతా జేబులోని ఫోనులోకి చేరింది, అదీ మిడిసిపడుతోంది. పడనివ్వండి, దానికీ ఓ దసరా వస్తుంది.

నాకైతే ఏటా వస్తోంది. పూజపీట మీద మొదటి చోటు నాదే. అన్నిటికీ పైపైనే బొట్లు పెట్టుకుంటూ వచ్చి, భద్రయ్య కుంకుమ వేలితో నా దగ్గర ఆగి, హైమవతి వైపు చూస్తాడు.

"దానికి లోపలే పెట్టు బాబాయ్," అంటుంది.