నా మూత మీద కలం దెబ్బలు

నేను ఒక టేప్ రికార్డర్ని. పాపం అనకండి, ఒళ్ళు మండుతుంది. జపానులో పుట్టి, ఓడెక్కి మద్రాసు రేవులో దిగి, పేరెందుకులెండి, ఓ విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర శాఖలో ప్రొఫెసర్ పరాంకుశం చేతిలో పడ్డాను. అదీ నా ఖర్మ.

మాటని మన నోరు ముక్కలు ముక్కలుగా పలుకుతుందట. ఆ ముక్క పేరు సిలబుల్. ఏ ధ్వని ఎక్కడ మారాలో తేల్చేది అదేనట. అంతవరకూ నాకు పేచీ లేదు. కానీ ఓ కొండభాషలో ఒక్క సిలబుల్ కూడా హల్లుతో ముగియదని ఈ పెద్దమనిషి ఆ కొండ మొహం చూడకముందే తీర్మానించేశాడు. తర్వాత నన్ను భుజాన తగిలించుకుని వెళ్ళి, సింగారమ్మ అనే ముసలామెను కూర్చోబెట్టి, మాటల్ని విరిచి విరిచి చెప్పమన్నాడు. ఎక్కడ విరగాలని తనకుందో అక్కడ కలంతో నా మూత మీద టక్కుమని కొట్టేవాడు. మంచి మనిషి, ఆవిడ అక్కడే ఆగేది. దీన్ని పరిశోధన అంటారు! ఆ పుస్తకానికి ఆయనకి శాలువాలు, నాకు బీరువా.

ఇరవై ఏళ్ళకి హైమావతి వచ్చింది, ఆయన దగ్గరే పీహెచ్‌డీకి. అదే కొండకి వెళ్ళి, చేతులు కట్టుకు కూర్చుని వింది. సగం సిలబుల్స్ హల్లుతోనే ముగుస్తున్నాయి.

"నీ చెవులు బాగాలేవమ్మా. మార్చి రాయి, లేదా డిగ్రీ మర్చిపో," అన్నాడు గైడుగారు.

ఐదేళ్ళ చాకిరీ! ఆ పిల్ల ఏడవలేదు. బీరువా తీసి, నా దుమ్ము దులిపి, పాత టేపులన్నీ ఒక్కొక్కటే వింది.

వైవా రోజు నన్ను బల్లెక్కించింది. ఆమె నోరు తెరవగానే పరాంకుశం కలంతో నా మూత మీద టక్కుమనిపించాడు. ఆ చప్పుడుకి శాఖంతా నోరు మూసుకోవడం అలవాటే. హైమావతి ఆగలేదు. "ఒక్క నిమిషం వినండి సార్," అని బయటినుంచి వచ్చిన పరీక్షకుడితో అని, నా మీట నొక్కింది.

టక్. టక్. తర్వాత సింగారమ్మ గొంతు: "నువ్వు కొట్టిన కాడ ఆగిపోవాల, అంతేనేటి బాబూ?"

"అంతే. బాగా పట్టేశావు." ఆ రెండో గొంతు ఎవరిదో గదిలో అందరికీ తెలుసు.

"మళ్ళీ వెయ్యమ్మా," అన్నాడు పరీక్షకుడు. మూడుసార్లు వేసింది. నా జన్మలో అంత హాయి ఎరగను.

హైమావతికి డిగ్రీ వచ్చింది. మర్నాడే పరాంకుశం నన్ను పాత సామాన్ల గదిలోకి విసిరేయించాడు. మోటారు పోయింది, మీటలు తుప్పు పట్టాయి. మూత మీద కలం గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. వచ్చి తడిమి చూసుకోండి, ఆయన సిద్ధాంతానికి ఉన్న ఆధారమల్లా అవే.